ఒక్క మెట్టూ వదలకుండా

ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనొద్దు. ఈ కథలో ఒక సీసా ఖాళీ అవుతుంది, ఒక పూజారి గడ్డం పరువు పోతుంది, నేను యముడి గడప దాకా వెళ్లి తిరిగొస్తాను. అన్నిటికీ కారణం నేనేనని మా ఇంట్లో ఈనాటికీ అంటారు. అననివ్వండి. మీరు మొత్తం విని అప్పుడు తీర్పు చెప్పండి. తీర్పు నాకు నచ్చకపోతే మళ్లీ మొదటినుంచి చెబుతాను, నాకేం తొందర లేదు.

మాది అరవదేశంలో ధర్మపురి పక్కన ఇండూరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మా ఆయన రంగప్ప నా మేనత్త కొడుకు. కాబట్టి మునెమ్మత్త నేను పుట్టినప్పటినుంచీ నాకు అత్తే, పెళ్లయ్యాక రెండోసారి అత్త అయింది. ఒక అత్తను భరించడమే కష్టమని లోకం అంటుంది. నాకు ఇద్దరత్తలు ఒకే మనిషిలో దొరికారు.

పెళ్లయిన కొన్నేళ్లకు, రాగులు నూర్చే రోజుల్లో, కళ్లంలో నిలబడి ఉండగా నా గుండె తప్పెట వాయించడం మొదలుపెట్టింది. గబగబా కొట్టుకుంటే పరవాలేదు, పరుగెత్తి వస్తే ఎవరి గుండయినా కొట్టుకుంటుంది. నాది తాళం లేకుండా కొట్టుకుంది. రెండు దెబ్బలు, ఒక ఆగుడు, నాలుగు దెబ్బలు కలిపి ఒకేసారి, మళ్లీ ఆగుడు. కల్లు తాగిన తప్పెటగాడు కూడా అంత అన్యాయంగా వాయించడు. నేను కూలబడ్డాను. మా ఆయన బండి కట్టి ధర్మపురి తీసుకెళ్లాడు.

అక్కడి డాక్టరయ్య నా మణికట్టు పట్టుకుని, ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. ఆయన మాట్లాడేది అరవం. మీకోసం తెలుగులో చెబుతున్నాను.

"చిన్నప్పుడు కీళ్లు వాచి జ్వరం వచ్చిందా అమ్మా?"

"వచ్చిందయ్యా. చాలా దినాలు పడకలోనే ఉన్నా."

"ఆ జ్వరం కీళ్లను వదిలింది, గుండెను వదల్లేదు. అందుకే తాళం తప్పింది. మందిస్తాను. దినమూ తాగాలి."

"ఎన్నాళ్లయ్యా?"

"ఉన్నన్నాళ్లూ."

"మందు ఉన్నన్నాళ్లా?"

"నువ్వు ఉన్నన్నాళ్లు" అన్నాడు. "మానేశావంటే గుండె మళ్లీ పరుగు పెడుతుంది. పరుగు పెట్టీ పెట్టీ ఒకరోజు ఆగిపోతుంది."

యుద్ధం రోజులవి. బిళ్లలు ఓడల్లో రావాలి, ఓడలకేమో వేరే పనులున్నాయి. అందుకని కాంపౌండరు ఏదో ఆకును స్పిరిట్లో నానబెట్టి తీసిన రసాన్ని నీళ్లలో కలిపి సీసాలో పోసిచ్చాడు. సీసా పక్కన మెట్లు మెట్లుగా కత్తిరించిన కాగితం ముక్క అంటించి ఉంది. ఒక మెట్టు ఒక దినం మందు. డాక్టరయ్య ఆ కాగితం మీద వేలు పెట్టి, కళ్లద్దాల పైనుంచి నన్ను చూసి, "ఒక్క మెట్టు కూడా వదలకూడదు, తెలిసిందా?" అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకున్నాను. నా కొంప ముంచింది ఆ గుర్తే.

మందు పనిచేసింది, కాదనను. చేదు వేపను మించింది, వాసన సారాయి కొట్టు వాసన. అయినా నెల తిరక్కుండా తప్పెటగాడు దారికొచ్చాడు. వారం వారం మా ఆయన సంతకు వెళ్లి ఎద్దులకు తౌడూ నాకు సీసా తెచ్చేవాడు. తౌడు గురించి ఊళ్లో ఎవరూ మాట్లాడలేదు. సీసా గురించి అందరూ మాట్లాడారు.

నీళ్ల బిందె ఎత్తబోతే పక్కింటి చెన్నమ్మ లాక్కునేది. "వద్దు పాపా, గుండె జబ్బుదానివి" అనేది. రాగిసంకటి కెలకబోతే తెడ్డు లాక్కునేవాళ్లు. దూడ తాడు పట్టుకుంటే తాడు లాక్కునేవాళ్లు. ఎదురుపడ్డ ప్రతి ముసలమ్మా "అయ్యో పాపం, ఈ వయసులో" అని నాలుక చప్పరించేది. బాగున్న మనిషిని నలుగురూ అయ్యో పాపం అంటూ ఉంటే ఎంత ఒళ్లు మండుతుందో మీకు తెలుసా? నాకు నెత్తి మీద పెనం పెడితే దోసె కాలేంత మండింది.

అలా మండుతూ ఉండగా ఆడి నెల, అంటే అరవవాళ్ల ఆషాఢం, వచ్చింది, మా ఊరి మారెమ్మ పండగ వచ్చింది. పండగ రోజు ఊరి బయట బావి దగ్గరనుంచి గుడిదాకా ఆడవాళ్లు పాలకుండలు నెత్తిన పెట్టుకుని ఊరేగింపుగా పోతారు. కుండ ఎత్తేవాళ్లు అంతకు ముందు వారమే పూజారి చేత కాపు కట్టించుకోవాలి. కాపు అంటే చేతికి పసుపుకొమ్ము కట్టిన దారం. అది కట్టాక పండగ ముగిసేదాకా ఒంటిపూట తిండి, నేల పడక. ఊరి పొలిమేర దాటకూడదు. సారాయి వాసన ఉన్నదేదీ ముట్టకూడదు.

"ఈ ఏడు నేనూ కుండ ఎత్తుతా అత్తా" అన్నాను.

అత్త పిడకలు తడుతోంది. చెయ్యి ఆగింది. "యాల, ఏమొచ్చిందని?"

"ఎత్తల్లనిపించింది."

"గుండె బాగలేనిది కుండ ఎత్తుతాదా?"

"గుండె మీద పెట్టుకోను గదా, నెత్తి మీద పెట్టుకుంటా."

"నోటికేం తక్కువ లేదు" అంది అత్త. "మందో? దాంట్లో సారాయి వాసన వస్తాది. కాపు కట్టినోళ్లు ముట్టగూడదు."

"మానేస్తా."

మా ఆయన ఎద్దు వీపు రుద్దుతూ, "డాక్టరయ్య మానొద్దని చెప్పినాడు గదా" అని గొణిగాడు. ఆయన ఎద్దులతో తప్ప ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు.

"నువ్వు ఊరుకో మామా. నా గుండె, నా ఇష్టం. మారెమ్మ చూసుకుంటాది. ఏమత్తా, చూసుకోదా? నీకు నమ్మకం లేదా?"

అత్త మళ్లీ పిడకలు తట్టసాగింది. మారెమ్మ మీద నమ్మకం లేదని మా అత్త నోట పలికించగలిగే మనిషి ఇంకా పుట్టలేదు. నేను గెలిచాను. గెలిచిన ఊపులో ఆ సాయంత్రమే కాపు కట్టించుకుని, సంతనుంచి అప్పుడే వచ్చిన నిండు సీసాను ఇంట్లో ఉండకూడదని అత్త కళ్లముందే కొట్టం చూరులో దోపేశాను. చెన్నమ్మ నా చేతి దారం చూసి నోరు వెళ్లబెట్టింది. ఆహా! ఆ నోరు చూసి నా కడుపు నిండింది.

రెండు మూడు రోజులు బాగానే నడిచింది. ఆ తర్వాత చూరులో సీసా, నా రొమ్ములో తప్పెటగాడు, ఇద్దరూ ఒకరికొకరు కబురు పంపుకున్నట్టున్నారు. నిద్రలేవగానే దడ. మెట్టెక్కితే దడ. ఊరికే కూర్చున్నా దడే. ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతాను? చెబితే కాపు విప్పేస్తారు, కుండ పోతుంది, చెన్నమ్మ వెళ్లబెట్టిన నోరు మూసుకుంటుంది. కొంగు రొమ్ము మీదికి లాక్కుని తిరిగాను.

"ఏమే గోవిందూ, మొగం అట్లా పాలిపోయింది?" అంది అత్త ఒకనాడు.

"ఒంటిపూట తిండి గదత్తా."

"దడ ఉండాదా?"

"దడా? యాడిది?" అన్నాను. అంటూనే గోడ పట్టుకున్నాను.

పండగ ముందురోజుకు నా పరిస్థితి ఏమిటంటే, బావినుంచి ఇంటికి ఉత్త చేతులతో రావడానికే రెండుచోట్ల కూర్చోవలసి వచ్చింది. రేపు పాలకుండతో గుడిదాకా ఎలా పోతాను? డాక్టరయ్య మాట చెవిలో మోగింది: పరుగు పెట్టీ పెట్టీ ఒకరోజు ఆగిపోతుంది. భయం వేసింది. నిజంగానే వేసింది, దాచిపెట్టడం ఎందుకు? కానీ భయపడి కాపు విప్పించుకోవడం కన్నా చచ్చిపోవడం మేలనిపించే వయసది. అప్పుడే నా బుర్రలో ఒక దీపం వెలిగింది. దీపం అని ఊరికే అనలేదు.

మా అత్తకు శుక్రవారం శుక్రవారం మారెమ్మ ముందు దీపం పెట్టే మొక్కు ఉంది. తొప్పూరులో కూతురి కాన్పుకు వెళ్లినప్పుడో, ఇంట్లో మైల వచ్చినప్పుడో దీపాలు తప్పిపోతాయి. తప్పితే అత్త కంగారు పడదు. తిరిగి వచ్చిన శుక్రవారం, తప్పిన వారాలన్నిటికీ దీపాలు వరసగా పెట్టి ఒకేసారి వెలిగించేస్తుంది. "లేటయినా చెల్లిపోయింది తల్లీ, కోపం పెట్టుకోవద్దు" అని దండం పెడుతుంది. మారెమ్మ ఏనాడూ కోపం పెట్టుకోలేదు. మా ఊళ్లో ఏ మొక్కుకైనా ఇదే న్యాయం.

మరి దీపాలకు చెల్లేది మందుకు చెల్లదా? డాక్టరయ్య ఒక్క మెట్టు కూడా వదలకూడదన్నాడు. నేను కొన్ని వదిలాను. ఇప్పుడు అవన్నీ కలిపి చెల్లించేస్తే మారెమ్మ దగ్గరా మాట నిలుస్తుంది, డాక్టరయ్య దగ్గరా మాట నిలుస్తుంది. కాపు దోషం సంగతంటారా? తాగాక పసుపునీళ్ల స్నానం చేస్తే వాసనా పోతుంది, దోషమూ పోతుంది. ఇందులో తప్పెక్కడుందో చూపించండి. ఇప్పుడు మీకు కనబడుతుంది లెండి, చెప్పేశాక అందరికీ కనబడుతుంది.

మరీ మూర్ఖురాలినేం కాను. అంతా ఒక్క గుక్కలో తాగలేదు. సాయంత్రం పాలు పితికే వేళ సగం సీసా, తెల్లవారి పేడ ఎత్తే వేళ మిగతా సగం. ముక్కు మూసుకుని, అడుగున మిగిలిన గసితో సహా, మందు కాగితం మెట్లన్నీ దిగిపోయేదాకా తాగి, ఖాళీ సీసాను మళ్లీ చూరులోనే దోపాను. ఆలస్యం అమృతాన్ని విషం చేస్తుందంటారు. నేను ఆలస్యాన్నీ తొందరనూ కలిపి ఒకే సీసాలో తాగాను.

తాగి, స్నానం చేసి, పసుపు చీర కట్టుకుని మణికట్టు పట్టుకుని చూసుకుంటే దడ లేదు! నాడి తాపీగా, ముసలెద్దు గట్టెక్కినట్టు, ఒక అడుగు, ఆలోచన, ఇంకో అడుగు. చూశారా నా తెలివి అని నాకు నేనే మురిసిపోయాను. కాస్త కడుపులో తిప్పుతోంది. ఉపవాసం కదా, తిప్పుతుంది. కాస్త తల తూలుతోంది. భక్తి ఎక్కువైతే తూలుతుంది.

ఎండ ఎక్కేసరికి బావి దగ్గర అందరం చేరాం. పసుపు చీరలు, వేపమండలు, తప్పెట్లు, ఊదుకొమ్ములు. మా అత్త నా పక్కనే నిలబడి నా మొహమే చూస్తోంది. పూజారి కుండ ఎత్తి నా తలమీద పెట్టబోయాడు. నేను కుండలోకి చూసి ఉలిక్కిపడ్డాను.

"ఏం సామీ, పాలల్లో పసుపు ఎవురు కలిపినారు?"

"పసుపా? తెల్లగా మల్లెపూవు మాదిరి ఉండాయి గదమ్మా."

"నాకు కండ్లు లేవా? పచ్చగా ఉండాయి!" తలెత్తి ఆయన్ను చూశాను. ఆయన నెరిసిన గడ్డం పసుపు ముద్దలా ఉంది. "నీ గడ్డానికి కూడా పూసుకున్నావే! సిగ్గులేదా ఈ వయసులో?"

తప్పెట ఆగింది. పూజారి గడ్డం తడుముకున్నాడు. నేను చుట్టూ చూశాను. మా ఆయన తెల్లపంచె పసుపు. ఆయన పక్కన మా తెల్లెద్దు పసుపు. నుదుటి విభూతి పసుపు, చెన్నమ్మ పళ్లు పసుపు. చెన్నమ్మ పళ్లు ముందునుంచీ అంతే అనుకోండి, అయినా.

"మామా, మన ఎద్దుకు పసుపెవురు పూసినారు? ఆకాశానికెవురు పూసినారు? అంతా పసుపే! అంతా పసుపే!"

అంటూ నేను తూలాను. తూలితే పూజారి చేతిలో కుండ ఒలికింది. ఒలికిన పాలు నా తలమీదినుంచి కారాయి. తర్వాత ఎవరో గొంతు చించుకుని అరిచారు.

"అమ్మ వచ్చింది! గోవిందమ్మ మీదికి అమ్మ వచ్చింది!"

ఇంక చూసుకోండి. తప్పెట్లు మళ్లీ మొదలయ్యాయి, ఈసారి నా గుండె మర్చిపోయిన జోరుతో. ఆడవాళ్లు కుడివైపు, మగవాళ్లు ఎడమవైపు దబదబా సాష్టాంగపడ్డారు. నేను నిలబడలేక ఊగుతున్నాను, వాళ్లు అమ్మ ఆడుతోందంటున్నారు. చెన్నమ్మ నా పాదాలు పట్టుకుంది. నన్ను బిందె కూడా ముట్టనివ్వని చెన్నమ్మ!

"తల్లీ, నా బర్రె తప్పిపోయి ఎన్నాళ్లో అయింది. యాడుండాదో చెప్పు తల్లీ!"

"నీ బర్రె సంగతి నాకేం తెలుసు పోవే!" అన్నాను.

"అమ్మ కోపంగా ఉండాది!" అని జనం వెనక్కి జరిగారు.

నేనేం చెయ్యాలి చెప్పండి? నేను అమ్మను కాదు అని అరవాలా? అరిచేదాన్నేమో. నాకు అంత ఓపిక లేదు. అదీగాక, నిజం చెబుతున్నాను, బాగానే ఉంది. ఇన్ని నెలలు అయ్యో పాపం అన్న నోళ్లన్నీ మట్టిలో ఉన్నాయి. ఇక మా అత్త ఒక్కతే మిగిలింది. ఆవిడ కూడా పడితే నా జన్మ ధన్యం అనుకున్నాను.

పడింది. నా ఇద్దరత్తలూ ఒకే ఒంట్లో వచ్చి నా కాళ్ల మీద పడ్డారు. ఏం అడుగుతుందో నాకు తెలుసు. నాకింకా పిల్లల్లేరు కదా, మనవణ్ణి అడుగుతుంది, లేదా కొడుక్కు ఇంకో పెళ్లి చెయ్యనా అని అడుగుతుంది. జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను, చాలా ఘాటైన జవాబు.

"తల్లీ" అంది అత్త. "నా కోడలి గుండె నిలవల్ల. దాన్ని చిన్నపిల్లప్పుడు ఈ చేతులతో ఎత్తుకున్నా. అది నూరేండ్లు బతకల్ల. ఏం చెయ్యల్లో చెప్పు తల్లీ, ఏదైనా చేస్తా."

నా ఘాటైన జవాబు గొంతులోనే చచ్చిపోయింది. నాకు ఏడుపొచ్చింది. అవును, వచ్చింది, మీకేం? దాంతోపాటు కడుపులోంచి ఇంకోటి కూడా వస్తోంది. రెండిటి మధ్య నుంచి నాకు దొరికిన మాటలు రెండే.

"మందు... సీసా..."

మింగలేక కక్కలేక అని సామెత. నేను నిన్న మింగనూ గలిగాను, ఇప్పుడు కక్కనూ గలిగాను. పూజారి కాళ్ల మీదే.

"అమ్మ మందు సీసా అడగతా ఉండాది!" అని జనం. అత్త లేచి, ఆ వయసులో, కొట్టం దాకా పరుగెత్తింది. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో సీసా ఉంది. తలకిందులుగా పట్టుకుంది. ఒక్క చుక్క రాలలేదు. అత్త సీసాను చూసింది, నన్ను చూసింది, మణికట్టు పట్టుకుని చూసింది.

"రంగా, బండి కట్టు! అమ్మ ధర్మపురికి పోవల్లంటా ఉండాది!"

పూజారి కాళ్లు కడుక్కుంటూ అడ్డం వచ్చాడు. "ఏం మునెమ్మా, తెలిసే మాట్లాడతావుండావా? కాపు కట్టింది పొలిమేర దాటగూడదు. ఊరికి కీడు."

"పొలిమేర దాటేది నా కోడలు కాదు సామీ, అమ్మ" అంది అత్త. "అమ్మను ఆపుతావా నువ్వు? ఆపు చూస్తాం."

పూజారి గడ్డం పట్టుకుని పక్కకు తప్పుకున్నాడు. మా ఊరి చరిత్రలో కాపుతో పొలిమేర దాటింది నేనొక్కదాన్నే. దారి పొడుగునా మా ఆయన ఎద్దులను బతిమాలాడు, అత్త నా తల ఒళ్లో పెట్టుకుని నాడి వదల్లేదు, నేను దారిలో కనబడ్డ ప్రతి మైలురాయికీ నైవేద్యం పెట్టాను.

డాక్టరయ్య నాడి చూసి, ఖాళీ సీసా చూసి, కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత లేచి ఏవేవో చేశాడు. సూది వేశాడు, కదలొద్దన్నాడు, తల కూడా ఎత్తనివ్వలేదు. ఆ రోజు, మర్నాడు, నేను ఉంటానో పోతానో డాక్టరయ్యకే తెలియదని మా ఆయన తర్వాత చెప్పాడు. ఆ రెండు రోజులూ ఆయన ఎద్దులతో కూడా మాట్లాడలేదట.

నాకు మాట వచ్చాక డాక్టరయ్య మొదటి ప్రశ్న ఇది.

"సీసా మొత్తం తాగమని ఎవరమ్మా నీకు చెప్పింది?"

"మీరే చెప్పినారు."

"నేనా!"

"ఒక్క మెట్టు కూడా వదలకూడదన్నారు. సీసా చూడండయ్యా. వదిలినానా?"

ఆయన సీసా ఎత్తి చూశాడు. నేను పడుకునే వాదించాను, తల ఎత్తొద్దన్నారు కదా. "మానొద్దన్నారు, సరే. తప్పిపోతే ఏం చెయ్యల్లో చెప్పినారా? చెప్పలేదు. మా ఇంట్లో దీపం తప్పితే మరుసటి వారం కలిపి పెడతాం. నాకు తెలిసిన న్యాయం అది. మీ న్యాయం వేరయితే మీరు చెప్పల్ల గదా?"

డాక్టరయ్య కళ్లద్దాలు తీసి తుడిచాడు. "చెప్పలేదు" అని ఒప్పుకున్నాడు. విన్నారా? ఒప్పుకున్నాడు! తర్వాత స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. "దీపాలన్నీ ఒకేసారి పెడితే ఇల్లంతా వెలుగు. ఈ మందు ఒకేసారి పోస్తే ఉన్న దీపం ఆరిపోతుంది. ఒంట్లోంచి దినమూ కొంచెం పోతుంది, పోయినంతే దినమూ పోస్తాం. మీ రాగిచేనుకు నీళ్లు కట్టకుండా వారం ఊరుకుని, ఆఖర్న చెరువుకు గండి కొడతావా?"

"చేను కొట్టుకుపోతుంది గదా!"

"నీ గుండె అట్లా కొట్టుకుపోబోయింది. మందు ఎక్కువైతే నాడి నిదానిస్తుంది, వాంతులవుతాయి, కళ్లకు అంతా పసుపుగా కనబడుతుంది. తప్పిన రోజు తప్పినట్టే వదిలెయ్యాలి. మర్నాడు ఒక్క మెట్టే. ఇప్పుడు నువ్వు చెప్పు, నేనేం చెప్పాను?"

చెప్పాను. రెండుసార్లు చెప్పించాడు. ఆ తర్వాత ఆయన దగ్గరికి ఎవరు పోయినా సీసా చేతికిచ్చేముందు ఆ మాట చెప్పి, తిరిగి చెప్పించేవాడని విన్నాను. ఆ డాక్టరుకు ఆ పాఠం నేర్పింది ఎవరు? నేను. ఎవరైనా నాకు దండ వేశారా? లేదు.

గది గుమ్మంలో నిలబడి అత్త అంతా విన్నది. పసుపు సంగతి కూడా విన్నది. మొహంలో ఏ భావమూ లేదు.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున అత్త స్నానం చేసి, తడిచీరతో, చేతిలో మందు గిన్నెతో, తీర్థం తెచ్చినట్టు నా ముందు నిలబడింది. "అమ్మ ఆన. మందు సీసా అని అమ్మే చెప్పింది. దినమూ నా చేత్తో తాగిపించల్ల. నోరు తెరు."

సారాయి వాసన మాట ఎత్తితే, అమ్మే అడిగినదానికి దోషమేముందంది. ఉపవాసం ఉన్నా నోరు తెరు. పండగైనా నోరు తెరు. నేను పుట్టింటికి పోతే వెనకాలే వచ్చి నోరు తెరు. జనం ముందు అమ్మ ఆన అంటుంది, నేను కాదనలేను. కాదంటే ఆ రోజు నా మీదికి వచ్చింది అమ్మ కాదని ఒప్పుకోవాలి, చెన్నమ్మ బిందె మళ్లీ లాక్కుంటుంది. నా గొయ్యి నేనే తవ్వుకుని, మా అత్తకు పార చేతికిచ్చాను.

ఒక ఏడాది ఓర్చుకున్నాను. ఒకరోజు పొద్దున, ఇంట్లో మేమిద్దరమే ఉండగా, నాకు తిక్క రేగింది.

"చాలత్తా! ఆ దినం నా మీదికి అమ్మా రాలేదు, ఎవురూ రాలేదు. అమ్మ ఆనా లేదు, గిమ్మ ఆనా లేదు. మందెక్కువై పసుపు కనబడింది, అంతే!"

బాంబు వేసి, అత్త మొహం చూడ్డానికి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"తెలుసు" అంది అత్త. "నోరు తెరు."

"తెలుసా? డాక్టరయ్య చెప్పినప్పుడా?"

"అంతకు ముందే. చెన్నమ్మ బర్రె సంగతి అడిగితే పోవే అన్నావు చూడు, అప్పుడే. మారెమ్మ అట్లా కసురుకోదు. ఈ ఊళ్లో అట్లా కసురుకునేది నువ్వొక్కదానివే."

"మరి తెలిసీ నా కాళ్ల మీద యాల పడినావు?"

అత్త గిన్నెలో మందు ఒలక్కుండా సర్దుకుంది. "దడ ఉండాదా అని నిన్ను అడిగినా, యాడిది అన్నావు. నిన్ను అడిగితే ఎప్పుడైనా నిజం చెప్పినావా? అందుకే అమ్మను అడిగినా. చెప్పినావు."

నేను నోరు తెరిచాను, ఏదో అనడానికే తెరిచాను. అత్త మందు పోసేసింది.

కాబట్టి, మా ఊరి మారెమ్మ సాక్షిగా, ధర్మపురి డాక్టరయ్య గొట్టం సాక్షిగా, గోవిందమ్మనైన నేను ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. తప్పిన మందును మరునాటి మందుతో కలిపి ఈ జన్మలో తాగను. పూజారి గడ్డం ఏ రంగులో కనబడినా వ్యాఖ్యానించను. తప్పు నాదని మాత్రం ఒప్పుకోను, మీ తీర్పు ఏదైనా సరే. ఇంకా చాలా చెప్పేదాన్ని. మా అత్తకు ఇప్పుడు చూపు ఆనదు, గిన్నె ఒక్కోసారి నా ముక్కు దగ్గరికి తెస్తుంది, అయినా మానదు. అదిగో, వస్తోంది. నోరు తెరవాలి.